‘రన్’ అంటే పరుగు ఒక్కటేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎల్‌కేజీ పుస్తకంలో ఈ మాట పక్కన పరిగెడుతున్న పిల్లాడి బొమ్మ ఉంటుంది. అక్కడితో మాట వచ్చేసిందనుకుంటాం. పెద్దయ్యాక చూస్తే ముక్కు ‘రన్’ అవుతోంది, బట్టల రంగు ‘రన్’ అవుతోంది, మేనేజర్ టీమ్‌ను ‘రన్’ చేస్తున్నాడు, బ్యాంకు మీద ‘రన్’ వచ్చిందని పేపర్లో రాస్తున్నారు. ఎవరూ పరిగెత్తడం లేదు. ఇంగ్లీషు నేర్చుకుంటున్నవాళ్లూ, కొత్తగా విదేశం వెళ్లినవాళ్లూ, పిల్లల హోంవర్కు దగ్గర ఇరుక్కుపోయిన అమ్మానాన్నలూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు జవాబులివి.

ఈ మాటకు నిజంగా ఎన్ని అర్థాలున్నాయి?

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు లెక్కలో క్రియగానే 645. నామవాచకంగా ఉన్నవి మళ్లీ వేరే. ఈ ఒక్క క్రియను సవరించి రాయడానికి ఆ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన పీటర్ గిల్లివర్‌కు తొమ్మిది నెలలు పట్టింది. అంతకుముందు రికార్డు ‘సెట్’ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ఆ క్రియకు 430 అర్థాలు చూపించారు.

645 అని వినగానే టెన్షన్ పడక్కర్లేదు. అందులో ఎప్పుడో వాడుక పోయినవీ, ఓడల మీద పనిచేసేవాళ్లకు తప్ప ఎవరికీ అక్కర్లేనివీ చాలా ఉన్నాయి. పైగా నిఘంటువు రాసేవాళ్లు ఒకే వాడుకను కర్త మనిషైతే ఒకటి, వస్తువైతే ఇంకొకటి అని విడదీసి లెక్కపెడతారు. రోజువారీ అవసరాలకు పాతిక ముప్పై తెలిస్తే హాయిగా నెట్టుకురావచ్చు.

ఇన్ని అర్థాలకూ మూలం ఒకటేనా?

దాదాపు ఒకటే. అయితే ఆ మూలం కాళ్లతో పరిగెత్తడం ఒక్కటే కాదు, నీళ్లు పారడం కూడా. ఇంగ్లీషుకు చుట్టమైన జర్మన్‌లో ఇప్పటికీ రెండు మాటలున్నాయి: ‘రెన్నెన్’ అంటే పరిగెత్తడం, ‘రిన్నెన్’ అంటే కారడం, పారడం. ఇంగ్లీషులో ఇలాంటి పాత రూపాలన్నీ కాలక్రమంలో కలిసిపోయి ఒక్క ‘రన్’ మిగిలింది. అందుకే నది, ముక్కు, కుళాయి, రంగు వెలిసే చీర అన్నీ ఈ క్రియ కిందికే వస్తాయి. వీటిని అలంకారంగా వాడుతున్నారని చాలామంది అనుకుంటారు కానీ, ‘పారడం’ అనే అర్థం కూడా మొదటినుంచీ ఉన్నదే.

అమెరికాలో కొన్నిచోట్ల చిన్న వాగును ‘రన్’ అనే పిలుస్తారు. వర్జీనియాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే యాష్‌బర్న్ వైపు వెళ్తే ‘బ్రాడ్ రన్’ అనే బోర్డు కనిపిస్తుంది. అది వాగు పేరు. అంతర్యుద్ధంలో తొలి పెద్ద పోరు 1861 జూలై 21న మనాసస్ దగ్గర జరిగింది. దాన్ని ‘బుల్ రన్’ యుద్ధం అంటారు. అదీ వాగు పేరే, ఎద్దుల పందేలతో సంబంధం లేదు.

తర్వాత యంత్రాలొచ్చాయి. చక్రం ఆగకుండా తిరుగుతుంటే ‘రన్నింగ్’, దాన్ని తిప్పేవాడు ‘రన్’ చేస్తున్నట్టు. ఫ్యాక్టరీ, రైలు, హోటలు, ప్రభుత్వం అన్నిటికీ అదే పాకింది. ఆగకుండా సాగడం, లేదా సాగేలా చూడటం. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకుంటే సగం అర్థాలు నిఘంటువు తెరవకుండానే తెలిసిపోతాయి.

తెలుగులో దీనికి ఒక్క మాట ఎందుకు లేదు?

ఎందుకుండాలి? మన దగ్గర బండి నడుస్తుంది, కాలువ పారుతుంది, ముక్కు కారుతుంది, చీర రంగు దిగుతుంది, సినిమా ఆడుతుంది, జ్వరం కాస్తుంది. ప్రతిదానికీ దాని క్రియ దానికుంది. గమనించారో లేదో, ఇంగ్లీషువాళ్లు పరిగెత్తించే చాలావాటిని మనం నింపాదిగా నడిపిస్తాం: దుకాణం నడుపుతాం, సంసారం నడుపుతాం, పత్రిక నడుపుతాం. ఇంగ్లీషులో ఆలస్యమైన రైలు కూడా ‘రన్నింగ్ లేట్’.

మన గొడవ మనకూ ఉంది. ‘ఆడు’ తీసుకోండి. పిల్లలు ఆడతారు. మిల్లులో వడ్లు ఆడిస్తాం. హాల్లో సినిమా ఆడుతుంది. గదిలో గాలి లేకపోతే ఊపిరాడదు, నెలాఖరుకు చేతిలో డబ్బు ఆడదు, కంగారులో కాళ్లూ చేతులూ ఆడవు. అబద్ధమాడతాం, పెళ్లాడతాం. కోడలు నీళ్లాడిందంటే మనవడో మనవరాలో పుట్టినట్టు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషాయన ‘ఆడు అంటే ప్లే’ అని రాసుకుని, ఆ చివరి వాక్యం దగ్గర ఏమైపోతాడో ఊహించుకోండి. ‘రన్ అంటే పరుగు’ అని రాసుకున్న మన పరిస్థితీ అంతే.

క్రికెట్లో ఫోర్ కొడితే ఎవరూ పరిగెత్తరు కదా, దాన్నెందుకు రన్స్ అంటారు?

మొదట్లో పరుగు అంటే పరుగే. ఇద్దరు బ్యాటర్లు 22 గజాల పిచ్ మీద అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు చేరుకుంటే ఒకటి. 18వ శతాబ్దంలో స్కోరును కర్ర మీద గాట్లు పెట్టి లెక్కించేవారు కాబట్టి ‘రన్’ను ‘నాచ్’ అని కూడా అనేవాళ్లు, అంటే గాటు. తర్వాత్తర్వాత బంతి హద్దు దాటితే పరిగెత్తకుండానే ఇన్ని ఇవ్వాలని ఒప్పందాలొచ్చాయి. అలా ‘రన్’ ఒక పని పేరు నుంచి కొలమానం పేరుగా మారింది. వైడ్ వేసినా, నోబాల్ వేసినా రన్ రావడం అందుకే.

ఆటలోనే ‘రన్నర్’ అనే ఇంకో మాట ఉండేది: గాయపడ్డ బ్యాటర్ తరఫున పరిగెత్తే మనిషి. అంతర్జాతీయ మ్యాచుల్లో ఆ సౌకర్యాన్ని ఐసీసీ 2011 అక్టోబరు నుంచి తీసేసింది. టోర్నమెంట్‌లో రెండో స్థానం వస్తే ‘రన్నరప్’. బౌలర్ పరిగెత్తుకుంటూ వచ్చేది ‘రనప్’. అన్నట్టు ‘రనప్ టు ది ఎలక్షన్స్’ అని కూడా పేపర్లలో రాస్తారు. ఎన్నికల ముందరి రోజులని అర్థం, అది ఈ బౌలర్ పరుగు లాంటిదే.

‘రనౌట్’ అంటే అవుటవడం కదా, ‘పాలు రనౌట్ అయ్యాయి’ అంటే?

అయిపోయాయని. ‘వీ హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ మిల్క్’ అంటే ఇంట్లో పాలు నిండుకున్నాయి. నీళ్లు పారిపారి చివరికి తొట్టి ఖాళీ అయినట్టు ఊహించుకోండి, అర్థం తేలిగ్గా పట్టుబడుతుంది. ఓపిక, సమయం, డబ్బు దేనికైనా ఇదే వాడొచ్చు. ఇంకా పూర్తిగా అయిపోలేదు, అడుగంటుతోందంటే ‘రన్నింగ్ లో’.

బ్యాంకు మీద ‘రన్’ అంటే బ్యాంకు దివాలా తీసినట్టా?

కాదు. జనం ఎగబడి డబ్బు తీసుకోవడం. దానివల్ల దివాలా తీయొచ్చు, తీయకపోవచ్చు. బ్యాంకు మన డిపాజిట్లన్నీ ఇనప్పెట్టెలో పెట్టుకుని కూర్చోదు, అప్పులిస్తుంది. అందరూ ఒకేరోజు వచ్చి అడిగితే ఎంత మంచి బ్యాంకైనా ఇవ్వలేదు. ఆ సంగతి తెలుసు కాబట్టే, పుకారు వినగానే పక్కవాడికంటే ముందు మనం తీసేసుకోవాలనిపిస్తుంది. 2007 సెప్టెంబరులో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం క్యూలు కట్టిన ఫొటోలు ప్రపంచమంతా చూసింది. 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి ఖాతాదారులు ప్రయత్నించారు. అక్కడ క్యూలు పెద్దగా లేవు, అంతా ఫోన్లలోనే. మర్నాడు బ్యాంకు మూతపడింది.

బ్యాంకుకే కాదు, ఏ సరుకుకైనా ఇలా జరగొచ్చు. హైదరాబాద్‌లో 2024 జనవరి 2 గుర్తుందా? ప్రమాదం చేసి పారిపోయే డ్రైవర్లకు కొత్త న్యాయసంహితలో పదేళ్ల వరకు జైలుశిక్ష పెట్టారని ట్యాంకర్ల డ్రైవర్లు సమ్మెకు దిగారు. పెట్రోలు దొరకదేమోనన్న భయంతో ఊరు ఊరంతా బంకుల మీద పడింది. సాయంత్రానికి చాలాచోట్ల ‘నో స్టాక్’ బోర్డులు. చంచల్‌గూడలో ఒక ఫుడ్ డెలివరీ అబ్బాయి బైకు మానేసి గుర్రమెక్కి ఆర్డరు ఇవ్వడానికి వెళ్లాడు, వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ రోజు సంగతిని ఇంగ్లీషులో చెప్పాలంటే: ‘హిట్ అండ్ రన్’ చట్టం వల్ల పెట్రోలు మీద ‘రన్’ వచ్చింది, బంకుల్లో పెట్రోలు ‘రన్ అవుట్’ అయింది. మొదటిది పారిపోవడం, రెండోది ఎగబడటం, మూడోది అయిపోవడం. ఈ మాట ఎంత పని చేస్తుందో చూపించడానికి నేను ఎప్పుడూ ఇదే చెబుతాను.

‘రన్ ఇంటు’, ‘రన్ ఓవర్’ మధ్య తేడా ఏమిటి?

చాలా ఉంది, జాగ్రత్త. ‘ఐ రాన్ ఇంటు యువర్ ఫాదర్ యెస్టర్‌డే’ అంటే నిన్న మీ నాన్నగారు అనుకోకుండా కనిపించారని. ‘ఐ రాన్ ఓవర్ యువర్ ఫాదర్’ అంటే మీ నాన్నగారి మీదుగా బండి పోనిచ్చానని! కానీ ‘ది మీటింగ్ రాన్ ఓవర్’ అంటే మీటింగ్ అనుకున్న టైమ్ దాటిపోయింది, అంతే.

‘రన్ డౌన్’ ఇంకా తిక్కది. గోడలు పెచ్చులూడిన ఇల్లు ‘రన్‌డౌన్’. వెనకాల ఒకరిని తీసిపారేసి మాట్లాడితే వాళ్లను ‘రన్ డౌన్’ చేసినట్టు. బాస్ ‘గివ్ మీ ఎ క్విక్ రన్‌డౌన్’ అంటే మాత్రం ఎవరినీ తిట్టమని కాదు, విషయం గబగబా చెప్పమని.

అమెరికా ఇంగ్లీషులో, బ్రిటన్ ఇంగ్లీషులో తేడాలున్నాయా?

సరదా తేడాలున్నాయి. అమెరికాలో అభ్యర్థి ఎన్నికల్లో ‘రన్’ చేస్తాడు, బ్రిటన్‌లో ‘స్టాండ్’ అవుతాడు. ఈ విషయంలో మనం బ్రిటన్ వైపే: ‘ఈసారి సర్పంచిగా నిలబడుతున్నాడు’ అంటాం. మన ఇంగ్లీషు పేపర్లు రెండూ వదిలేసి ‘కంటెస్ట్’ అని రాస్తాయి. అమెరికాలో అధ్యక్ష అభ్యర్థి జోడీగా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసేవాళ్లు ‘రన్నింగ్ మేట్’. ఇది గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. అసలు గుర్రం వేగం అందుకోవడానికి దాని పక్కన పరిగెత్తించే తోడు గుర్రం అన్నమాట. 2024లో ట్రంప్ రన్నింగ్ మేట్‌గా జె.డి. వాన్స్ వచ్చినప్పుడు, ఆయన భార్య ఉష మన తెలుగింటి ఆడపడుచు కావడంతో ఈ మాట తెలుగు పేపర్లలోనూ మార్మోగింది. జార్జియా లాంటి రాష్ట్రాల్లో ఎవరికీ సగానికి మించి ఓట్లు రాకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పెట్టే పోలింగ్ ‘రనాఫ్’. వాన పడ్డాక నేలలో ఇంకకుండా జారిపోయే నీటినీ అదే మాటతో పిలుస్తారు.

సన్నటి మేజోళ్లలో దారం తెగి పొడుగ్గా చీలిక వస్తే అమెరికాలో ‘రన్’, బ్రిటన్‌లో ‘ల్యాడర్’. బ్రిటన్ తల్లిదండ్రుల ‘స్కూల్ రన్’ అంటే పిల్లల్ని బడిలో దింపి, తీసుకురావడం. అది చాలావరకు కారులో, ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేసే పని. మనం సిగ్నల్ ‘జంప్’ చేస్తాం, అమెరికాలో రెడ్ లైట్‌ను ‘రన్’ చేస్తారు. షాపులో క్యాషియర్ ‘షల్ ఐ రన్ ఇట్ యాజ్ డెబిట్ ఆర్ క్రెడిట్?’ అని అడిగితే కార్డు తీసుకుని పారిపోతాడని కాదు, మెషిన్లో ఏ పద్ధతిలో గీకమంటారని.

డాక్టరు దగ్గర ఈ మాట వస్తే ఎలా అర్థం చేసుకోవాలి?

‘ఆర్ యూ రన్నింగ్ ఎ టెంపరేచర్?’ అంటే ఒళ్లు వెచ్చబడిందా అని. ‘రన్నీ నోస్’ అంటే ముక్కు కారడం. ‘లెట్స్ రన్ సమ్ టెస్ట్స్’ అంటే టెస్టులు చేయిద్దామని. ‘డజ్ ఇట్ రన్ ఇన్ ది ఫ్యామిలీ?’ అంటే మీ ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అని. షుగరు, బీపీ దగ్గర తప్పకుండా అడుగుతారు. అమ్మవైపు, నాన్నవైపు రెండు వైపులా చెప్పాలి.

‘ఐ హ్యావ్ ది రన్స్’ అనకండి, క్రికెట్ స్కోరు చెబుతున్నామనుకుంటే పొరపాటు. అది విరేచనాలకు మోటు మాట. స్నేహితుల దగ్గర ఫరవాలేదు, డాక్టరుతో ‘లూజ్ మోషన్స్’ అన్నా అమెరికాలో కొందరికి అర్థం కాదు, ‘డయేరియా’ అంటే చాలు. మనం మాత్రం ‘మోషన్స్ అవుతున్నాయి’ అని ఎంత మర్యాదగా చెప్పేశామో చూడండి. మోషన్ అంటే కదలికే, చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాం.

మనం వాడే ‘రన్నింగ్’ మాటలు సరైన ఇంగ్లీషేనా?

కొన్ని అచ్చమైన ఇంగ్లీషు, కొన్ని ఇక్కడ పాతుకుపోయినవి. రెంటికీ సిగ్గుపడాల్సిన పని లేదు.

గ్రానైట్ గట్టుకీ, గ్రిల్లుకీ మేస్త్రీ చెప్పే ‘రన్నింగ్ ఫుట్’ సరైన మాటే. వెడల్పుతో పనిలేకుండా పొడవు ఒక్కటే కొలిచి డబ్బు లెక్కకట్టడం. రేటు మాట్లాడుకునేటప్పుడు చదరపు అడుగా, రన్నింగ్ ఫుటా అని ముందే ఖాయం చేసుకోండి. సగం గొడవలు అక్కడే వస్తాయి. కాంట్రాక్టర్ల ‘రన్నింగ్ బిల్లు’ అంటే పని పూర్తికాక ముందే అయినంతవరకు కొలిచి పెట్టే బిల్లు.

నాకు బాగా నచ్చేది రైల్వే వాడుక. రైలు నడిపే లోకో పైలట్లు, ట్రైన్ మేనేజర్లు (2022 వరకు గార్డులనేవాళ్లు) ‘రన్నింగ్ స్టాఫ్’. తిరిగిన కిలోమీటర్లను బట్టి వాళ్లకు ఇచ్చేది ‘రన్నింగ్ అలవెన్స్’. కాజీపేట, విజయవాడ లాంటి జంక్షన్లలో వాళ్ల కోసం ‘రన్నింగ్ రూమ్’ ఉంటుంది. అందులో మంచాలు, వంటగది ఉంటాయి. డ్యూటీ దిగొచ్చి నిద్రపోయే గదికి ఆ పేరు!

‘రన్నింగ్ బస్సు ఎక్కకు’ అనే మన వాక్యాన్ని ఇంగ్లీషువాళ్లు ‘మూవింగ్ బస్’ అంటారు. బడిలో నేర్పే ‘రన్నింగ్ హ్యాండ్‌రైటింగ్’ను వాళ్లు ‘కర్సివ్’ అంటారు, ఆ కర్సివ్ లాటిన్‌లో పరుగుకు ఉన్న మాట నుంచి వచ్చిందే. మనింట్లో పోయే ‘కరెంటు’ కూడా అదే లాటిన్ మూలం నుంచి వచ్చింది. అలా చూస్తే కలిపిరాతా, కరెంటూ దాయాదులు.

‘డ్రై రన్’ను కోవిడ్ కాలంలో అందరం నేర్చుకున్నాం. 2020 డిసెంబరు 28, 29 తేదీల్లో దేశంలో నాలుగు రాష్ట్రాల్లో వ్యాక్సిన్ డ్రై రన్ జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో దానికి కృష్ణా జిల్లాను ఎంచుకున్నారు. రిజిస్ట్రేషన్, కోల్డ్ బాక్సులు, క్యూ, అరగంట పరిశీలన అన్నీ ఉన్నాయి, సూదిమందు తప్ప. అదే డ్రై రన్.

సినిమా, పేపరు వాళ్ల ‘రన్’ వేరా?

సినిమా ‘రన్’ అంటే హాల్లో ఆడిన కాలం. ‘ఫుల్ రన్‌లో ఇంత వసూలు చేసింది’ అంటే చివరి ఆట దాకా వచ్చిన మొత్తం. ‘రన్ టైమ్’ అంటే నిడివి, ఎన్ని గంటల సినిమా అని. రెంటినీ కలిపేయకండి. పేపరువాళ్లు వార్త ‘రన్’ చేశారంటే అచ్చేశారని. ‘ప్రింట్ రన్’ అంటే ఒకసారికి ఎన్ని ప్రతులు వేశారని.

‘రన్ ఆఫ్ ది మిల్’ అని తిడతారెందుకు?

తిట్టు కాదు, ‘ఏదో మామూలుగా ఉంది’ అని పెదవి విరవడం. మిల్లు నుంచి వచ్చిన సరుకును నాణ్యత ప్రకారం ఏరకముందు, వచ్చింది వచ్చినట్టు ఉన్నదాన్ని అలా అనేవారు.

కంప్యూటర్లో ప్రోగ్రామ్ ‘రన్’ చేయడం అనే మాట ఎక్కడిది?

యంత్రాల నుంచే వచ్చింది. 1964లో డార్ట్‌మౌత్ కాలేజీలో పుట్టిన బేసిక్ భాషలో ‘రన్’ అని టైప్ చేస్తే ప్రోగ్రామ్ నడిచేది. తెలుగు పుస్తకాల్లో ‘అమలు చేయు’ అని రాస్తారు కానీ, ‘కోడ్ అమలు చేశావా?’ అని అడిగిన టీమ్ లీడ్‌ను నేనింతవరకు చూడలేదు. ‘రన్ చేశావా?’ అంటేనే పని జరుగుతుంది.

‘హ్యాజ్ రాన్’ సరైందా, ‘హ్యాజ్ రన్’ సరైందా?

‘హ్యాజ్ రన్’. నిన్నటి సంగతికి ‘రాన్’, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ పక్కన మళ్లీ ‘రన్’. కమ్, కేమ్, కమ్ లాగే.

అర్థాలన్నీ బట్టీ పట్టాలా?

వద్దు, ఎవరూ పట్టలేదు. మాటను ఒంటరిగా కాకుండా పక్కమాటతో కలిపి రాసుకోండి: బిజినెస్, ఫీవర్, రెడ్ లైట్, అవుట్ ఆఫ్, ఇంటు. కొత్త వాక్యం ఎదురైతే మూడు చూడండి: ఏది సాగుతోంది, ఎవరు సాగిస్తున్నారు, వెనక ఏ చిన్న మాట ఉంది. ఈ మూడోదాన్ని మింగేసి చదవడం వల్లే ఎక్కువ తప్పులు జరుగుతాయి.

మా మేనేజర్ ‘రన్ ఇట్ బై మీ ఫస్ట్’ అన్నారు. ఏం చేయాలి?

పంపేముందు ఒకసారి ఆయనకు చూపించండి. ‘లెట్స్ రన్ విత్ ఇట్’ అని జవాబొస్తే ఒప్పుకున్నట్టు, పని మొదలుపెట్టేయొచ్చు.